నొప్పి లేని పంటికి సెలవు

సీసాల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ భూతద్దం అంటారు. చాటున కాదు, ముఖం మీదే అంటారు. ఆమె కూడా పలుకుతుంది. కొలిమిలోంచి వచ్చి చల్లారిన సీసాలు బెల్టు మీద వరసగా నడుస్తుంటాయి. బెల్టు వెనక తెల్లటి లైటు పలక ఉంటుంది. దానికి ఎదురుగా ఎత్తు స్టూలు మీద కూర్చుని, కదిలిపోయే సీసాలను కళ్ళతో తడుముతూ, మెడ దగ్గర వెంట్రుకంత చీలిక ఉన్నా, అడుగున గాలిబుడగ ఉన్నా లాగి పక్క తొట్టిలో పడేయడం ఆమె పని. ఆ వెలుగును ఎక్కువసేపు చూస్తే కళ్ళు మొద్దుబారి అన్ని సీసాలూ మంచివే అనిపిస్తాయి కాబట్టి, కాసేపటికొకసారి మనిషి మారాలి. మారే మనిషి రాకపోతే మాత్రం లేవకూడదు. తుమ్మొచ్చినా అక్కడే తుమ్మాలి, అదీ బెల్టు మీంచి చూపు తిప్పకుండా.

ఆ చూపు ఇంటికొచ్చాక కూడా ఊరుకోదు. పాలప్యాకెట్టు మీద తేదీ, గ్యాసు గొట్టం మీద పగులు, కూతురి జ్వరమానిలో గీత, అన్నీ ఒకటికి రెండుసార్లు చూస్తే గానీ ఆమెకు ముద్ద దిగదు. సాయంత్రం పళ్ళు తోమించాక కూతుర్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఫోను లైటు వేసి నోరు తెరవమంటుంది. లిఫ్టులు బాగుచేసే మొగుడు ఆ తంతు చూసి నవ్వుతాడు.

"బాలేకపోతే దీన్ని కూడా తొట్టిలో పడేస్తావా ఏంటి?"

"పక్కకి జరుగు. వెలుతురు ఆపుతున్నావు."

ఆమె భయానికి కారణం ఆమె నోట్లోనే ఉంది. ఎడమవైపు కింది దవడలో ఒక పన్ను లేదు. చిన్నప్పుడు అది పుచ్చి నొప్పెడితే వాళ్ళమ్మ, "పాలపన్నేలే, పీకిస్తే కొత్తది వస్తుంది" అని పీకించేసింది. కొత్తది వస్తుందని పిల్ల రోజూ నాలుకతో ఆ గుంటను తడుముకుంటూ ఎదురుచూసింది. నెలలు పోయాయి, క్లాసులు మారాయి, రాలేదు. హైస్కూల్లో సైన్సు టీచరు దవడ బొమ్మ గీసి, ఆరేళ్ళప్పుడు పాలపళ్ళ వెనకాల నాలుగు పెద్ద దవడ పళ్ళు వస్తాయనీ, అవి ఏ పాలపన్నునూ ఊడగొట్టకుండా ఖాళీ చోట మొలుస్తాయి కాబట్టి చాలామంది వాటినీ పాలపళ్ళే అనుకుంటారనీ, పోతే మళ్ళీ రావనీ చెప్పినప్పుడు, ఆ పిల్ల చెయ్యి దానంతటదే చెంప మీదికి పోయింది. అప్పట్నుంచీ ఆమె ఎదురుచూడడం మానేసింది. పక్కపన్ను ఆ సందులోకి ఒరిగింది, పైపన్ను కిందికి దిగింది. ఎడమవైపు నమలడం ఎప్పుడో పోయింది. వాళ్ళమ్మ మీద కోపం లేదు. తెలియక చేసింది. తెలిసి కూడా తన కూతురికి అదే జరిగితే మాత్రం తనను తాను క్షమించుకోలేదు.

కూతురికి ఇప్పుడు సరిగ్గా ఆ నాలుగు పళ్ళూ వచ్చాయి. కొత్తవి, తెల్లవి, కానీ పైన గాడులు మరీ లోతుగా ఉన్నాయి. బ్రష్షు కుచ్చు కొస కూడా దిగనంత సన్నటి లోయలు. బిస్కెట్టు తింటే పొడి అక్కడే చిక్కుకుంటుంది.

పోయినేడు ఫ్యాక్టరీ వాళ్ళు పనివాళ్ళకు పళ్ళ ఇన్సూరెన్సు పెట్టారు. క్యాంటీన్ గోడకు నవ్వే మొహాల బొమ్మ అంటించి, తలా ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. దాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివింది ఫ్యాక్టరీ మొత్తం మీద భూతద్దం ఒక్కతే. టీ తాగుతున్నప్పుడు పక్కనున్న ప్యాకింగ్ వదినకు చెప్పింది. ఆ పెద్దావిడ అందరికీ వదినే, సూపర్‌వైజరుక్కూడా.

"ఏడాదికి రెండుసార్లు పళ్ళు చూపించుకోవడం, క్లీనింగ్ చేయించుకోవడం పూర్తిగా వాళ్ళదే వదినా. పిల్లలకు ఫ్లోరైడ్ పూత కూడా. పుచ్చు పూడిస్తే కొంత మనం పెట్టుకోవాలి. రూట్ కెనాల్, క్యాపూ అయితే సగం మనదే, అదీ చేరిన ఏడాది తర్వాత. పళ్ళ వరస సరిచేసే తీగలకైతే ఏమీ ఇవ్వరు."

"అంటే బాగున్న పంటికి అంతా ఇస్తారు, పాడైన పంటికి సగం ఇస్తారు. ఎవరు రాశారో గానీ తలకిందుల మనిషి."

"ముందే చూపించుకుంటే పాడవదని అలా పెట్టారు."

"నొప్పి లేకుండా పళ్ళ డాక్టరు దగ్గరికి పోయినవాళ్ళని నా జన్మలో చూళ్ళేదమ్మా. మా ఆయనైతే నొప్పి వచ్చాక కూడా పోలేదు. పన్నే విసుగెత్తి తనంతట తాను ఊడిపోయింది."

ఆమెకు కావలసింది మాత్రం ఆ పుస్తకంలో ఇంకో పేజీలో ఉంది. సీలెంట్. దవడపంటి గాడులు మూసుకుపోయేలా పైన వేసే సన్నటి పూత. నొప్పుండదు, సూది ఉండదు, కోయడం ఉండదు. పిల్లల కొత్త దవడ పళ్ళకు పూర్తిగా వాళ్ళే ఇస్తారు. ఒకే షరతు: ఆ పంటికి పుచ్చు గానీ, నొప్పి గానీ ఉండకూడదు.

ఇంత సులువైనదాన్ని అందుకోవడానికి ఆమె పడిన పాట్లు పగవాళ్ళకు కూడా వద్దు. ఇన్సూరెన్సు వాళ్ళ జాబితాలో ఉన్న క్లినిక్కు ఊళ్ళో ఒక్కటే. ఆదివారం మూత. శనివారం కావాలంటే నెలల తర్వాతే ఖాళీ. మిగతా రోజుల్లో అది తెరిచి ఉండే వేళలు, ఆమె బెల్టు ముందు కూర్చునే వేళలు ఒకటే. వారం సెలవు ఏ రోజో ముందురోజు సాయంత్రం బోర్డు మీద రాస్తే గానీ తెలియదు. అది చూసి ఫోను చేస్తే, "రేపటికా? నొప్పి ఉందాండీ?" అంటుంది రిసెప్షన్ అమ్మాయి. "లేదండీ" అంటే, "అయితే వచ్చే నెల చూద్దాం" అంటుంది. ఆ వచ్చే నెల కూడా అలాగే వచ్చి, అలాగే పోయింది. మొగుణ్ణి పంపుదామంటే, ఏ లిఫ్టు ఎప్పుడు ఆగి అతనికి పిలుపొస్తుందో తెలియదు.

ఇక లాభం లేదని సూపర్‌వైజరును పూట సెలవు అడిగింది. ఆయన చెడ్డవాడు కాదు. మనుషులు చాలక, ఎవరు లేచినా తనే వెళ్ళి స్టూలెక్కి కూర్చునే రకం.

"ఎవరికి, పాపకా? నొప్పా?"

"నొప్పి లేదు సార్. నొప్పి రాకుండా ఒక పూత వేయించాలి."

వాన లేనినాడు గొడుగేసుకున్న మనిషిని చూసినట్టు చూశాడాయన. "నొప్పితో అల్లాడేవాళ్ళకే మనిషిని మార్చలేక చస్తున్నాను. పాపకు లేని నొప్పి నీకెందుకమ్మా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు? అసలు ఈ రిజిస్టర్లో ఏమని రాయను? జబ్బు అని గడి ఉంది, చావు అని ఉంది, పెళ్ళి అని ఉంది. ఏమీ కాలేదు అనే గడి లేదు."

వదిన ఆ మాట విని నవ్వింది. "నిజం చెప్పావు కదా, అందుకే రాలేదు. నొప్పి అని చెప్పు. ఇక్కడ అందరం అదేగా చేసేది. మొన్న నా మనవడి పుట్టినరోజుకు నాకు నడుము పట్టేసింది, చూడలా?"

"క్లినిక్ నుంచి చీటీ తెమ్మంటారు వదినా."

"చీటీలో నొప్పనే రాయించు. చీటీకి నొప్పా ఏమన్నానా?"

అలా ఒక మంగళవారం ఆమె కూతురికి పంటినొప్పి వచ్చింది. నొప్పి అనగానే క్లినిక్కు వాళ్ళు ఆ రోజుకే రమ్మన్నారు. సూపర్‌వైజరు, "అయ్యో, ముందే చెప్పొద్దూ" అని పూట సెలవిచ్చి, తనే స్టూలెక్కాడు. ఆమె ఆయన ముఖంలోకి చూడకుండా సంచి అందుకుని బయటపడింది.

బస్సులో కూతురికి పాఠం చెప్పింది. "అక్కడ అడిగితే కొంచెం నొప్పిగా ఉందని చెప్పు. ఒక్కసారి చెబితే చాలు."

"ఏ పన్ను?"

"ఏదో ఒకటి."

"ఎంత నొప్పి?"

"కొంచెం అన్నానుగా."

ఇక్కడ ఆమె వేసుకున్న లెక్క తప్పింది. ఆ మధ్య బడి నాటకంలో ఆ పిల్లకు చెట్టు వేషం ఇచ్చారు. ఒక్క మాట లేదు. నాటకమంతా చేతులు చాపుకుని నిలబడింది. ఆ అవమానం దాని మనసులో ఇంకా పచ్చిగానే ఉంది. ఇన్నాళ్ళకు మాటలున్న వేషం దొరికింది.

డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. అద్దం పెట్టి చూస్తూ, చిన్న కడ్డీతో ఒక్కో పన్నునూ మెల్లగా తట్టింది. ఎడమవైపు కింద, వెనకనున్న కొత్త పంటి దగ్గరికి రాగానే పిల్ల కుర్చీ చేతులు పట్టుకుని వంకర్లు తిరిగింది.

"ఇక్కడా తల్లీ?"

"అక్కడే. రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు. చెవిలోకి లాగుతోంది."

చెవిలోకి లాగడం బామ్మ దగ్గర నేర్చింది. తల్లి అడ్డుపడింది. "అంతేం లేదండీ," అంది గబగబా. "ఏదో కాస్త. అసలు నొప్పే కాదేమో. నాలుగు పళ్ళకీ సీలెంట్ వేసేయండి, దానికే వచ్చాం."

"మీరు లేదంటున్నారు. పాప ఉందంటోంది. నోరు పాపది కదమ్మా." డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించింది, వెలుగుకు పట్టి చూసింది, మళ్ళీ చూసింది. "పుచ్చు కనిపించట్లేదు. కానీ నొప్పికి కారణం తెలియకుండా పైన మూత వేయను. లోపల ఏదన్నా ఉంటే దాన్ని కప్పిపెట్టినట్టవుతుంది. కొన్నాళ్ళు చూద్దాం. ఈ ఒక్క పన్ను సంగతి తేలాక నాలుగూ ఒకేసారి వేద్దాం."

అప్పుడే నోరు విప్పి ఉంటే సరిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ బయట రిసెప్షన్ అమ్మాయి చీటీ అప్పటికే తీసి పెట్టింది, "పంటినొప్పి" అని. ఆ చీటీ లేకపోతే రేపు బెల్టు దగ్గరికి ఏ మొహంతో వెళ్ళాలి? ఆమె చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది. మెట్లు దిగుతుంటే కూతురు చెయ్యి ఊపుతూ అడిగింది, "బాగా చేశానా?"

"బాగానే చేశావు," అంది ఆమె. ఏడుపొక్కటే తక్కువ.

తర్వాత ఇన్సూరెన్సు ఆఫీసుకు ఫోను చేసింది. పాట వినిపించారు, నంబర్లు నొక్కమన్నారు, మళ్ళీ పాట వినిపించారు. చివరికొక గొంతు వచ్చింది, తేనెలో ముంచి తీసినట్టు.

"మూడు పళ్ళకు సీలెంట్ వస్తుందండీ. ఎడమ కింది పంటికి రాదు. ఆ పంటికి నొప్పి అని మా దగ్గర నమోదై ఉంది."

"నొప్పి లేదండీ. పుచ్చు కూడా లేదని ఎక్స్‌రే చెప్పింది."

"సీలెంట్ ఆరోగ్యంగా ఉన్న పంటికే అండీ. నొప్పి ఉన్న పంటికి ఫిల్లింగ్ వస్తుంది."

"పుచ్చే లేనప్పుడు ఫిల్లింగ్ ఎలా వేస్తారు?"

"పుచ్చు వచ్చాక ఫోన్ చేయండి, తప్పకుండా చూస్తాం. ఇంకేమైనా సహాయం కావాలా అండీ?"

ఆమె ఫోను పెట్టేసి జరిగింది మొగుడికి చెప్పింది. మొగుడు జాలిపడి, "పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు గానీ, ఊడకుండా చూసుకోవడానికి ఇన్ని రాళ్ళకు మొక్కాలా?" అన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు. క్లినిక్కుకు చేస్తే డాక్టరమ్మ, "నాకు చెప్పిందే నేను రాశాను. అది నిజం కాకపోతే వచ్చి చెప్పండి. మళ్ళీ చూసి, చూసింది రాస్తాను" అంది. వచ్చి చెప్పాలి. అంటే మళ్ళీ సెలవు కావాలి. అడకత్తెరలో పోకచెక్కకైనా ఒక్కసారే తెగిపోయే సుఖం ఉంటుంది.

రోజులు గడిచాయి. కూతురు తింటూనే ఉంది. తినొద్దని ఎలా అంటుంది? బ్రెడ్డు తిన్న ప్రతిసారీ నీళ్ళు పుక్కిలించమని వెంటపడితే, పిల్ల చివరికి, "అమ్మా, నువ్వు నా పళ్ళతో మాట్లాడతావు, నాతో మాట్లాడవు" అని ముఖం తిప్పుకుంది. ఆ మాట గుచ్చుకుంది. అయినా సాయంత్రం ఫోను లైటు వేయకుండా ఉండలేకపోయింది. వేసి చూస్తే, ఆ ఎడమ కింది పంటి గాడిలో సన్నటి గోధుమరంగు గీత కనిపించింది. తుడిస్తే పోలేదు. మరకో, పుచ్చు మొదలో ఆమె కళ్ళకు అందలేదు. గాజులో ఉన్న లోపమైతే ఎంత చిన్నదైనా చెప్పగలదు. పైగా గాజు తప్పైతే పగలగొట్టి మళ్ళీ కరిగించొచ్చు. ఇది ఒక్కసారే వస్తుంది. పుచ్చు మొదలైతే ఇక సీలెంట్ ఎవరూ వేయరు, మూడు పళ్ళకు దొరికేది దీనికి దొరకదు.

మర్నాడు పొద్దున్నే సూపర్‌వైజరు గాజు గదిలోకి వెళ్ళింది. బయట బెల్టు చప్పుడులో మాట వినపడదు. లోపల మరీ ఎక్కువ వినపడుతుంది.

"సార్, రేపు ఒక పూట కావాలి."

"మళ్ళీ పాప పన్నేనా?" ఆయన రిజిస్టరు అందుకుంటూ జాలిగా అన్నాడు. "ఎన్నాళ్ళని పిల్లను బాధపెడతావమ్మా? పీకించేయి. పాలపన్నేగా, మళ్ళీ వస్తుంది."

ఆమె ఆ మాటకు సిద్ధంగా లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముందు కోపం వచ్చింది, ఆ తర్వాత మాట వచ్చింది.

"అది పాలపన్ను కాదు సార్. పీకిస్తే మళ్ళీ రాదు. నొప్పి కూడా లేదు. పోయినసారి కూడా లేదు."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "పోయినసారి కూడా లేదా?"

"లేదు. అబద్ధం చెప్పాను."

"నేను ఆ రోజు పూటంతా నీ స్టూలు మీద కూర్చున్నాను. కళ్ళు పోయాయి నాకు."

"తెలుసు సార్."

"ఎందుకు చెప్పావు?"

"అంతకుముందు నిజం చెప్పాను. మీరు గడి లేదన్నారు."

అద్దంలోంచి బెల్టు వైపు చూశాడు, మళ్ళీ ఆమె వైపు చూశాడు. ఆయన ముఖంలో కోపం కన్నా మోసపోయిన చిన్నతనం ఎక్కువ కనిపించింది. అది ఆమెకు మరీ కష్టంగా ఉంది.

"నువ్వు చెప్పకపోయి ఉంటే బాగుండేది," అన్నాడు చివరికి. "ఇప్పుడు విన్నాను కాబట్టి మెమో ఇవ్వాలి. నీకివ్వకపోతే రేపు ఇంకొకరికి ఎలా ఇస్తాను? మెమో ఉన్నవాళ్ళకు ఈ ఏడు లైన్ లీడరు పోస్టు ఉండదు. నీ పేరే పైకి పంపాను, తెలుసుగా."

"తెలుసు సార్."

"తెలిసే చెప్పావా?"

"రేపు పూట కావాలి సార్."

ఆయన మెమో రాశాడు. సంతకం పెట్టమన్నాడు, ఆమె పెట్టింది. తర్వాత రిజిస్టరు తెరిచి సెలవు గడుల దగ్గర పెన్ను కాసేపు అటూ ఇటూ తిప్పి, "జబ్బు" అన్న చోట గుర్తు పెట్టాడు. "ఇది నా అబద్ధం," అన్నాడు తల ఎత్తకుండా. "వెళ్ళు."

క్లినిక్కులో కూర్చున్నప్పుడు కూతురు అడిగింది. "ఈసారి ఏం చెప్పాలి?"

"ఏది నిజమైతే అది."

పిల్ల కాస్త నిరాశపడింది. కానీ కుర్చీ ఎక్కగానే డాక్టరమ్మ అడగక ముందే చెప్పేసింది. "ఆ రోజు నాకు నొప్పి లేదు. అమ్మ కొంచెం నొప్పని చెప్పమంది. నేనే ఎక్కువ చెప్పాను."

డాక్టరమ్మ కళ్ళు మాస్కు పైన చిన్నవయ్యాయి. నవ్విందో లేదో తెలియలేదు. తల్లి వైపు తిరిగింది.

"సెలవు కోసమండీ," అంది తల్లి. తల వంచుకోలేదు. వంచుకునే ఓపిక లేదు. "నొప్పి లేని పంటికి మా దగ్గర సెలవు లేదు. నొప్పున్న పంటికి ఇన్సూరెన్సులో పూత లేదు."

డాక్టరమ్మ లైటు సర్దుకుంది. పన్నును గాలితో ఆరబెట్టింది, గోధుమ గీత మీద కడ్డీ కొసను మెత్తగా నడిపించింది. తల్లి కుర్చీ వెనక నిలబడి ఆ కొసను చూసింది. అది ఎక్కడైనా దిగబడితే అయిపోయినట్టే. ఊపిరి తీసుకుంటే కడ్డీ కదులుతుందేమో అన్నట్టు బిగబట్టింది.

"మరక," అంది డాక్టరమ్మ. "కింద గట్టిగానే ఉంది. ఇంకా ఆలస్యం చేసుంటే ఇదే మాట చెప్పేదాన్నని అనుకోను." కంప్యూటరు దగ్గరికి వెళ్ళి ఏదో మార్చి రాసింది. "నొప్పి లేదు, పన్ను ఆరోగ్యంగా ఉంది అని పంపుతున్నాను. వాళ్ళు ఒప్పుకోవడానికి టైము పడుతుంది. పరిశీలనలో ఉందంటారు. ఒప్పుకోకపోవచ్చు కూడా. మిగతా మూడూ ఇవాళ వేసి, దీనికి ఆగుదామా?"

"ఆగొద్దు. నాలుగూ వేసేయండి."

"వాళ్ళు కాదంటే ఈ ఒక్కటీ మీరే పెట్టుకోవాలి."

"వాళ్ళతో నేను పోట్లాడతాను. పన్నును ఆగమంటే ఆగదు కదండీ."

చెంపల్లో దూది ఉండలు కుక్కారు, లాలాజలం లాగే గొట్టం పెట్టారు. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల అంతసేపు మాట్లాడకుండా ఉండడం అదే మొదలు. పళ్ళ మీద పూత పూసి, నీలం లైటు పెట్టి గట్టిపరిచారు. కుడి పైది, కుడి కిందది, ఎడమ పైది. చివర ఎడమ కిందది. లైటు ఆరిపోయాక డాక్టరమ్మ కడ్డీతో గీసి చూసి, "అంటుకుంది," అంది. "ఆరునెలలకోసారి చూపించండి. పూత కూడా అరుగుతుంది."

ఆరునెలల మాట వినగానే ఆమెకు గాజు గది, రిజిస్టరు, రిసెప్షన్ అమ్మాయి అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. అయినా తల ఊపింది.

పిల్ల దూది తీయించుకుని, పళ్ళు నాలుగైదుసార్లు కొరికి చూసుకుని, కుర్చీ మీంచి జారి దిగింది. బూట్ల కోసం కాలు చాపింది.

"అమ్మా, ఇంక నొప్పని చెప్పక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"మరి నిజంగా వస్తే? నమ్ముతారా?"

డాక్టరమ్మ చేతుల తొడుగులు తీస్తూ ఆగి, ఈ జవాబు నాది కాదన్నట్టు తల్లి వైపు చూసింది. తల్లి వంగి బూటు తాడు బిగించింది.

"రాకుండా చూద్దాం," అంది.